చుక్క పెట్టని క్రాంకు

పోయిన శ్రావణంలో స్కూటీ బ్రేకు వైరు తెగితే మా వీధి చివర మెకానిక్కు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక పెద్దాయన పాత మోటార్ సైకిల్ తోసుకుంటూ వచ్చి, "క్రాంకు పోయినట్టుందప్పా, బెండు తీసిస్తావా?" అని అడిగాడు. మెకానిక్కు నవ్వాడు. "బెండు తీసేటోళ్ళు ఇప్పుడు యాడుండారు పెద్దాయనా? దొరికితే కొత్తది ఏసుకో, దొరక్కపోతే పాత ఇనుముకు ఎయ్యి" అన్నాడు.

పెద్దాయన బండి తిప్పుకున్నాడు. రోషం వచ్చింది నాకు. నేను బెండు తీసేవాడి కూతుర్ని. ఆదోనిలో మా ఇంటి ముందుగదే మా నాయన అంగడి. తలుపు పైన రేకు మీద "ఇచ్చట మోటార్ సైకిల్ క్రాంకులు బెండు తీసి వెల్డింగు చేయబడును" అని రాసి ఉండేది. ఆ రేకు ఏ పాత ఇనుములో కలిసిందో, ఆ పని కూడా అట్లాగే కలిసిపోయింది. ఆ మెకానిక్కు తప్పేముంది? అయినా స్కూటీ తీసుకుని వెంటనే వచ్చేశాను, చిల్లర కూడా తీసుకోలేదు.

మా తాతలు దూది ఏకేవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం, శుక్రవారం మసీదుకు పోయేవాళ్ళం. పరుపులు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయాక మా నాయన లేతు మిషను పని నేర్చుకుని ఇనుములో పడ్డాడు. "దూది మీద పుట్టి ఇనుము మీద పడినాడు నా కొడుకు" అని మా జేజి, అంటే నాయనమ్మ, వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. పత్తి కాలంలో మా వీధంతా పత్తిగింజల నూనె వాసన. ఇంట్లో వెల్డింగు వాసన. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల "నీ జడ కాలిన వాసన వస్తాంది" అని జరిగి కూర్చునేది. నేనూ తక్కువ దాన్ని కాదు, దాని పలక మీద ఉమ్మేదాన్ని.

క్రాంకు అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. ఇంజను లోపల రెండు గుండ్రటి ఇనుప చక్రాలుంటాయి. ఆ రెంటినీ కలుపుతూ ఒక పిన్ను, ఆ పిన్నుకు తగులుకుని పైకీ కిందికీ ఆడే ఒక రాడ్డు. రాడ్డు అరిగి టకటకమని కొట్టుకుంటే చక్రాలు విడదీసి, కొత్త పిన్నూ కొత్త రాడ్డూ వేసి మళ్ళీ నొక్కాలి. నొక్కడం ఎవరైనా నొక్కుతారు. నొక్కాక రెండు చక్రాలూ ఒకే వరుసలో తిరగాలి. వెంట్రుకంత తేడా ఉన్నా బండి వణుకుతుంది. ఆ తేడా తీయడమే బెండు తీయడం.

మా నాయన క్రాంకును లేతు మీద రెండు మొనల మధ్య బిగించి చేత్తో తిప్పేవాడు. తిరుగుతున్న ఇరుసుకు సుద్దముక్క ఆనీ ఆనకుండా పట్టేవాడు. ఎత్తున్న వైపే సుద్ద అంటుతుంది. అక్కడ ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ. మళ్ళీ తిప్పడం, మళ్ళీ సుద్ద. సుత్తి ఎత్తినప్పుడు మా జేజి కూడా దగ్గు ఆపుకునేది. సుద్ద చుట్టూరా ఒకే తీరుగా అంటిందంటే బెండు పోయినట్టు. ఆ సుద్దముక్కలు మా బడివే. అయ్యవారు అటు తిరగ్గానే రెండు జేబులో వేసుకునేదాన్ని. నాయన యాడివి అని అడగలేదు, నేను చెప్పలేదు.

బెండు పోయాక, పిన్ను కదలకుండా రెండు పక్కలా చిన్న వెల్డింగు. నాయన దాన్ని చుక్క పెట్టడం అనేవాడు. చుక్క పడితే అయిపోయినట్టే, ఇక ఆ క్రాంకును సరిచేయడానికి లేదు. అందుకని ఆయనకొక పట్టు ఉండేది. బండి ఎవరిదో వాళ్ళే వచ్చి, తమ చేత్తో క్రాంకు తిప్పి, సుద్ద చూసి "సరే" అనాలి. అప్పుడే చుక్క. చుక్క లేకుండా ఏ క్రాంకూ గడప దాటేది కాదు. "పెండ్లిలో కూడా ముందు పిల్లను అడుగుతారు గదప్పా" అనేవాడు. ఊళ్ళో మిగతా అంగళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు. గిరాకీ మాత్రం మాకే ఎక్కువ.

అదంతా బాగానే ఉంది. అమ్మే లేదు.

నేను చెప్పే ఆ శ్రావణానికి అమ్మ వెళ్ళి ఎనిమిది నెలలు. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. ఇంటి ముందుగదంతా నూనె, మసి, ఇనుప పొట్టు అయిపోయిందనీ, అంగడి వేరేచోట పెట్టమనీ అమ్మ ఏడాదిగా పోరుతుండేది. ఒకరోజు ఆరేసిన నా పండగ గౌను మీద నల్లటి చేతిముద్ర పడింది. మాటా మాటా పెరిగింది. "ఈ ఇంట్లో నేను ఉండలేను" అంది అమ్మ. "పో అయితే" అన్నాడు నాయన. సంచి తీసుకుని యెమ్మిగనూరు పుట్టింటికి పోయింది. నా చెయ్యి కూడా పట్టుకుంది గానీ, బడి ఉందని జేజి ఆపింది. పో అన్న మనిషి రా అనాలి. పోయిన మనిషి వస్తానని అనాలి. ఇద్దరూ అనలేదు. గౌను మాత్రం నాకు పొట్టిదైపోయింది.

జేజి జొన్నరొట్టెలు చేసేది, ఆకుకూర పప్పు చేసేది. పొద్దున్నే వీధి మొగలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించి తెచ్చేది. కడుపుకు తక్కువ కాలేదు. జడ వేసేటప్పుడు మాత్రం జేజి చేతులు వణికి పాయ వంకరపోయేది. వంకర జడతో బడికి పోవడమంటే అమ్మ లేదని పలక మీద రాసుకుని పోవడమే.

శ్రావణం వచ్చేముందు ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు పోయేవాళ్ళంతా బండ్లు బాగుచేయించుకుంటారు. ఆ రద్దీలోనే ఒకరోజు మా మామ, అమ్మ తమ్ముడు, గోనెసంచిలో క్రాంకు చుట్టుకుని బస్సులో వచ్చాడు. మామ యెమ్మిగనూరు దుప్పట్లు మూటగట్టి, మోటార్ సైకిల్ మీద నందవరం, గోనెగండ్ల పల్లెలన్నీ తిరిగి అమ్మేవాడు. ఆ బండి అమ్మ తన గాజులు తీసిచ్చి కొనిపెట్టింది. కాయితాలు మామ పేరున ఉన్నా ఇంటిల్లిపాదీ అమ్మ బండి అనే అనేవాళ్ళం.

నాయన సంచి విప్పాడు. బాగున్నావా అనలేదు, వాళ్ళు బాగున్నారా అనలేదు. క్రాంకు తిప్పి చూసి, "పిన్ను బెజ్జం బాగా అరిగింది. దీనికి చుక్క లేకపోతే పది మైళ్ళు గూడా పోదు. రెండు దినాలకు రా" అన్నాడు.

ఆ రెండు రోజులూ వేరే పని ముట్టలేదు. తిరునాళ్ళ గిరాకీ బయట నిలబడి గొణుక్కుంది. నాయన ఆ క్రాంకును ఎన్నిసార్లు తిప్పాడో, ఎన్ని సుద్దముక్కలు అరగదీశాడో. నాకైతే సుద్ద చుట్టూరా అంటినట్టే కనబడింది. ఆయన ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

మామ వచ్చాడు. "అయిపోయింది గదా బావా, చుక్క పెట్టియ్యి" అన్నాడు.

"బండి ఎవరిదో వాళ్ళను పిల్చుకరా. తిప్పి చూసుకొని సరే అంటే పెడతా."

"నాదే గదా బావా బండి."

"నీది కాదని నీకూ తెల్సు, నాకూ తెల్సు" అని నాయన సుత్తి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మామ వట్టి చేతుల్తో బస్సెక్కాడు. జేజి నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో నవ్వింది. "సూసినావా మే, మీ నాయన నోటితో రా అనల్యాక ఇనుముతో అంటాండాడు." నాకు ఎంత సంతోషమైందంటే ఆరోజు వంకర జడ కూడా బాగుందనిపించింది.

రెండు రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం నాయన తలకు టోపీ పెట్టుకుని నమాజుకు బయలుదేరాడు. జేజి జొన్నలు పట్టించుకు రావడానికి పిండి మిషనుకు పోయింది. బల్ల మీద గుడ్డ కప్పి ఉన్న ఆ క్రాంకు చూపించి, "ఎవురొచ్చినా ముట్టనియ్యాకు పాపా" అని నాయన నాకు మరీ మరీ చెప్పాడు. ఆయన సందు మలుపు తిరిగాడో లేదో మామ వచ్చాడు. ఎక్కడో నిలబడి కాచుకున్నట్టుంది.

"అమ్మ యాది మామా?" అని అడిగాను.

"బస్సులో రానంటాది మే. పో అంటే పోయిన దాన్ని, సంచి సంకన పెట్టుకొని బస్సు దిగి నడిసొస్తే వీధి వీధంతా నవ్వదా అంటాది. బండి మీద మర్యాదగా పిల్చుకపోతే వస్తానంటాది."

"అయితే బండి మీద పిల్చుకరా."

"బండి తిరిగితే గదా! క్రాంకు మీ నాయన ఇయ్యడు. మీ అమ్మ వస్తే గానీ క్రాంకు రాదు, క్రాంకు వస్తే గానీ మీ అమ్మ రాదు. ఇద్దరి మధ్య నేను సస్తాండా." మామ గడప మీద కూలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నువ్వు ఇస్తివంటే ఆడ యెమ్మిగనూరులోనే చుక్క పెట్టించుకుంటా. ఆదివారం మీ అమ్మను బండి మీద తెచ్చి ఈ గడప ముందర దించుతా. నీ తలకాయ మీద ఒట్టు."

పెద్దవాళ్ళు ముడి వేసుకుని కూర్చున్నారు, నా చేతికి కొస దొరికింది అనుకున్నాను. గుడ్డ తీశాను. రెండు చేతులా ఎత్తి, కడుపుకు ఆనించుకుని మోసుకొచ్చి మామ సంచిలో వేశాను. గౌనుకు నూనె అయింది. మామ నా నెత్తి నిమిరి పరుగులాంటి నడకతో పోయాడు.

నాయన వచ్చి బల్ల చూశాడు. "ఎవురిచ్చినారు?"

"మామ వచ్చిండె. నేను ఇంట్లోకి నీళ్ళకు పోయిన్యా. ఎప్పుడు ఎత్తుకపోయినాడో చూసుకోలే" అన్నాను. గౌను మీది నూనె మరకకు చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ అన్నాను.

నాయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చి నిజం చెప్పేసేదాన్ని. తొట్టి దగ్గరికి పోయి, అప్పుడే నమాజుకు కడుక్కున్న చేతుల్నే మళ్ళీ కడుక్కున్నాడు. పిండి డబ్బాతో వచ్చిన జేజితో, "రానని ఈ మాదిరి సెప్పి పంపిచ్చినాది" అన్నాడు.

"కాదు లేరా. నువ్వే పోయి పిల్చుకరాపో."

"పిలిస్తి గదమ్మా. ఇంగెట్ల పిలుస్తారు?"

ఆయన నిజంగానే అడిగాడు. ఇంకెట్లా పిలుస్తారో మా నాయనకు తెలియదు. నేను తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. ఆదివారం ఎట్లాగూ అమ్మ వచ్చేస్తుంది, అప్పుడు అందరూ నవ్వుకుంటారు అనుకుని ఊరుకున్నాను.

ఆదివారం గురించి ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. పొద్దున్నే తలకు పోసుకున్నాను. బావి పక్కింటి ఆమెను బతిమాలి కనకాంబరాలు తెచ్చుకున్నాను. పొట్టిదైనా సరే ఆ పండగ గౌనే వేసుకున్నాను. నల్ల చేతిముద్ర పూర్తిగా పోలేదు, దాన్ని మడతలోకి దోపుకున్నాను. "ఏం మే, నీకు పెండ్లిచూపులా?" అంది జేజి.

అరుగు మీద కూర్చున్నాను. అప్పటి బండ్లకు ఒక్కోదానికి ఒక్కో గొంతు. కంటికి కనబడకముందే ఏది ఎవరిదో చెప్పేదాన్ని. ఆరోజు ఉరుకుంద పోయే బండ్లు ఒకటే వరుస. ఒక్కో బండి మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో పిల్లలు, చేతిలో టెంకాయల సంచి. ప్రతి చప్పుడుకూ లేచి నిలబడ్డాను. ప్రతి బండీ ఎవరి అమ్మనో ఎక్కించుకుని మా ఇల్లు దాటిపోయింది. జేజి రెండుసార్లు అన్నానికి పిలిచింది. అమ్మతో తింటానని ఎట్లా చెప్పేది? ఆకలి లేదన్నాను. పొద్దుగూకే వేళకు పూలు వాడి జడలోనే రాలిపోయాయి. నాయన అంగట్లో ఎవరిదో వేరే క్రాంకు తిప్పుకుంటున్నాడు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఎదురుచూసింది మాత్రం నేనొక్కదాన్నే. అంత ఒంటరితనం నాకు పెద్దయ్యాక కూడా తెలియదు, మొగుడు పోయినప్పుడు కూడా.

బుధవారం బడి విడిచాక మామ సందు మొగలో కనబడ్డాడు. చేతిలో బొరుగుల పొట్లం. ఇంటి వైపు రాలేదు.

"బయల్దేరినాము మే. నీ మీద ఒట్టు, బయల్దేరినాము. సగం దారిలో ఇంజను బిగిసిపాయె. చుక్క పెట్టించలేదు నేను. మా ఊరి మెకానిక్కు అక్కర్లేదన్నాడు, నేనూ తొందరలో సరేలే అంటి. పిన్ను తిరుక్కునింది."

"అమ్మ?"

"రోడ్డు పక్కన కూర్చున్యాది. చుక్క ల్యాదని నేను నోరు జారితి. చుక్క ల్యాకుండా ఎట్ల తెచ్చినావురా అని అడిగె. నేను ఎత్తుకొచ్చినా అంటే అక్కడే తన్నేది. బావే అట్లిచ్చినాడని అంటి. అంతే, మీ అమ్మ మొఖం మాడిపాయె. 'ఆయప్ప చేతికింద చుక్క ల్యాకుండా ఏదీ బయటికి పోదు. నేను సరే అనకుండానే, చుక్క పెట్టకుండా ఇచ్చినాడంటే రావద్దనే గదరా' అన్యాది. యెమ్మిగనూరు బస్సు ముందొచ్చె. ఎక్కి ఎనక్కి పాయె." మామ పొట్లం నా చేతిలో పెట్టాడు. "ఎవురికీ సెప్పాకు మే. నేనూ ఇరుక్కుంటా, నువ్వూ ఇరుక్కుంటావు."

బొరుగులు తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. పిల్లలకు ఏడుపు వేరు, ఆకలి వేరు.

ఎవరికీ చెప్పలేదు. సెలవుల్లో యెమ్మిగనూరు పోయేదాన్ని. సందు నిండా మగ్గాల చప్పుడు, గంజి వాసన. అమ్మ దుప్పట్ల అంచులు కుట్టేది. నాకు జడ వేసేది, చక్కగా, వంకర లేకుండా. నాయన ఎట్లా ఉన్నాడని అడిగేది కాదు గానీ, నా గౌన్లు తిరగేసి నూనె మరకలు వెతికేది. ప్రతిసారీ చెబుదామనే పోయేదాన్ని. చెబితే నన్ను కూడా పో అంటుందేమోనని భయం. ఇటు నాయనకు చెబుదామంటే అదే భయం. ఆ ఇద్దరి పిల్లను గదా, నాకూ నోరు పెగల్లేదు. కొత్త బండ్లు వచ్చాయి, క్రాంకులు తగ్గాయి. జేజి పోయింది, తర్వాత నాయనా పోయాడు. నాయనను ఆఖరిసారి చూడటానికి అమ్మ వచ్చింది, బస్సులోనే, సంచితోనే. వీధిలో ఎవరూ నవ్వలేదు.

మెకానిక్కు దగ్గర నుంచి ఇంటికొచ్చి కూర్చుంటే ఆరోజు మనసు నిలవలేదు. మర్నాడు యెమ్మిగనూరు బస్సెక్కాను. అమ్మకు ఇప్పుడు ఎనభై దగ్గర. మామ పోయాడు, మామ కొడుకుల ఇంటి పక్కన ఒక గదిలో ఉంటుంది. నేను పోయేసరికి ఉడకబెట్టిన శనగబుడ్డలు, అవే వేరుశనక్కాయలు, ముందు పోసుకుని ఒలుస్తోంది. కూర్చున్నాను. మంచీ చెడ్డా లేకుండా చెప్పేశాను.

"అమ్మా, ఆ క్రాంకు నాయన ఇయ్యలేదు. నేనిచ్చినా. నాయన నీకోసం పెట్టుకొని కూర్చుంటే నేను ఎత్తి మామకిచ్చినా. అబద్ధం గూడా చెప్పినా."

కాసేపు ఏ క్రాంకో అర్థం కాలేదు ఆమెకు. తర్వాత ఒలిచే వేళ్ళు ఆగాయి. "నువ్వా?"

"నేనే. నేనియ్యకపోయింటే నువ్వు ఇంటికొచ్చేదానివి."

"మీ మామ నీకేం సెప్పినాడు?"

"యెమ్మిగనూరు బస్సు ముందొచ్చిందని."

అమ్మ తల అడ్డంగా ఊపింది. "ముందొచ్చింది ఆదోని బస్సే. మీ మామ చెయ్యి అడ్డం పెట్టి ఆపినాడు గూడా. కండక్టరు దిగి నా సంచి అందుకున్యాడు. నేనెక్కలే. సంచి ఎనక్కి గుంజుకున్యా. దాని ఎనకాల ఇంకొకటొచ్చె. అదీ ఎక్కలే."

"నాయన రావద్దన్నాడని అనుకున్నావు గదా, అందుకే."

"అదొక సాకు దొరికిన్యాది. నిజం సెప్పాల్నంటే, బండి ఆగినప్పుడు నాకు ఊపిరాడినట్టయింది." ఒక బుడ్డ ఒలిచి నా అరచేతిలో పెట్టింది. "ఇన్నేండ్లూ నీ వల్లే అనుకొని ఉంటివా? పిచ్చిదానా. నీ తప్పేం ల్యాదు."

నా తప్పు లేదట. నలభై ఏళ్ళు దాటి మోసిన నేరం దిగిపోతే తేలికపడాలి. తేలికపడలేదు నేను. నేను ఆ తప్పు చేయకపోయి ఉంటే అమ్మ వచ్చేది అన్న నమ్మకం మీదే నా చిన్నతనమంతా నడిచింది. నాకోసం బయలుదేరి, నా వల్ల దారిలో ఆగిపోయిన అమ్మ ఒకామె ఉండేది నాకు. జ్వరం వచ్చినా, పరీక్ష పోయినా, పురిటి నొప్పుల్లోనూ ఆమెనే తలుచుకున్నాను. ఆమె ఎప్పుడూ లేదు. రెండు బస్సులు వదిలేసినామె ఉంది, ఆమె ఇదిగో, ఎదురుగా కూర్చుని బుడ్డలు ఒలుస్తోంది. మరి నేను అరుగు మీద కూర్చున్నానని నీకు తోచలేదా అని అడగాలనుకున్నాను.

"తిను మే, సల్లారిపోతాయి" అంది.

తిన్నాను.